సెల్లార్‌లో పానా పట్టాలా, బండిని షెడ్డుకి తోలాలా?

బొబ్బిలిలో సొంతింటి వాకిట్లో ఇన్నాళ్ళూ బండి పనంతా మీరే చేసుకున్నారు. విశాఖ మధురవాడలో ఐదో అంతస్తు ఫ్లాటుకి మారిన రెండో నెలలోనే సెల్లార్‌లో ఆయిల్ మరక పడిందని అసోసియేషన్‌వాళ్ళు వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టారు. ఇకమీదట అంతా మెకానిక్ షెడ్డుకే ఇచ్చేయాలా, సెల్లార్‌లోనే ఎలాగోలా కానివ్వచ్చా అన్నది మీ ప్రశ్న. బండి 2019 నాటి 150 సీసీ, కార్బురేటర్‌ది, రోజూ బీచ్‌రోడ్డు మీదుగా సిరిపురం వెళ్ళొస్తానని చివర్లో రాశారు.

ఆ చివరి ముక్క రాయకపోయుంటే నా సమాధానం వేరేగా ఉండేది.

నేను మెకానిక్‌ని కాను. ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఎంవీపీ కాలనీలో ఇరవై ఏళ్ళకి పైగా ఫ్లాట్‌లోనే కాపురం. ఈలోగా నాలుగు బండ్లు మారాయి, ముగ్గురు అసోసియేషన్ ప్రెసిడెంట్లతో మాటా మాటా అనుకున్నాను. మొదట్లో మీలాగే నేనూ "నాకు పని వచ్చు, షెడ్డువాడికి డబ్బులెందుకు" అనేవాణ్ణి. ఇప్పుడు ఆ లెక్క వేయడం మానేశాను. ఏ పనైనా మొదలుపెట్టే ముందు రెండే చూసుకుంటాను. సగంలో ఆగిపోతే రేపు పొద్దున్న ఈ బండి మీద డ్యూటీకి వెళ్ళగలనా? పని అయ్యాక నేల మీద గానీ కాలవలో గానీ ఏమైనా మిగులుతుందా? మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అని వస్తే సెల్లార్‌లో చేస్తాను. ఏ ఒక్కటి తేడా వచ్చినా షెడ్డుకే.

సొంత వాకిట్లో అయితే సగం విప్పిన బండి మీద గోనెపట్టా కప్పి వారం రోజులు వదిలేయొచ్చు. సెల్లార్‌లో మీకున్నది రెండు గీతల మధ్య జాగా. పక్క గీతలో ఎవరిదో కారు, పైన ఒక ట్యూబ్‌లైటు. అది కూడా సరిగ్గా మీ వెనక చక్రం దగ్గరికొచ్చేసరికి నీడ పడేలా ఉంటుంది.

ఈ రూలు నాకు ఊరికే తట్టలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, ఆయిల్ మార్చేద్దామని కిందికి దిగాను. డ్రెయిన్ బోల్టు విప్పి, పాత ఆయిల్ పట్టి, బోల్టు మళ్ళీ ఎక్కిస్తుంటే కొంచెం వంకరగా పట్టింది. చేతికి తెలిసింది కూడా. "పర్లేదులే, సర్దుకుంటుంది" అని పానా వేసి ఒక చుట్టు తిప్పాను. బోల్టు ఉక్కు, ఇంజన్ అడుగుభాగం అల్యూమినియం. ఉక్కూ అల్యూమినియం పోట్లాడితే ఎవరు గెలుస్తారో ఫిట్టర్‌కి చెప్పాలా? మరలు లేచిపోయాయి. అది చూసుకోకుండా కొత్త ఆయిల్ పోసేశాను. పోసింది పోసినట్టే బొట్లు బొట్లుగా కారడం మొదలైంది. కింద పెట్టిన పళ్ళెం అప్పటికే నిండుగా ఉంది. పక్కకి లాగబోయి దాన్ని ఒలకబోశాను. ఎదురు ఫ్లాట్ పిన్నిగారు గుడికి బయల్దేరి లిఫ్ట్ దిగారు, చెప్పు జారింది. దేవుడి దయవల్ల స్తంభం పట్టుకుని నిలబడ్డారు. వాచ్‌మన్ పరుగెత్తుకెళ్ళి రోడ్డు పక్క ఇసుక తెచ్చి పోశాడు. ఆదివారం మధ్యాహ్నం షెడ్లన్నీ మూత. సోమవారం పొద్దున్న నేనూ వాచ్‌మనూ బండిని తోసుకుంటూ షెడ్డుకి తీసుకెళ్ళాం. అక్కడ కుర్రాడు హెలికాయిల్ (పాడైన మరలో దించే ఉక్కు తీగ చుట్ట) వేసి కొత్త మర చేసిచ్చాడు, అరగంట పని. నాకు మాత్రం ఒక రోజు సెలవు పోయింది, మూడు నెలలు పిన్నిగారి ముఖం చూడలేకపోయాను.

ఆయిల్ మార్చడం నిజానికి తేలిక పని. పని కష్టమై నేను ఓడిపోలేదు, చోటు మంచిది కాక ఓడిపోయాను. పైగా మార్చాక ఒక లీటరు నల్ల ఆయిల్ చేతిలో మిగులుతుంది. దాన్నేం చేస్తారు? మన దేశంలో 2016 నాటి నిబంధనల ప్రకారం వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. చెత్తబండిలో వేయకూడదు, కాలవలో అసలే పోయకూడదు. విశాఖలో కాలవలో పోసింది గెడ్డలోకి (అంటే వాగులోకి), గెడ్డలోంచి తిన్నగా సముద్రంలోకే. షెడ్డులో దానికి డ్రమ్ము ఉంటుంది, కొనుక్కుని పట్టుకెళ్ళేవాళ్ళు ఉంటారు. కాబట్టి ఆయిల్ పని షెడ్డుకే ఇవ్వండి. ఆయిల్ డబ్బా మాత్రం మీరే కొనుక్కుని వెళ్ళండి, మీ మాన్యువల్‌లో ఏ గ్రేడ్ రాస్తే ఆ గ్రేడ్. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని, అంటే మోటార్‌సైకిల్ క్లచ్‌కి పడే ఆయిల్ అన్న గుర్తు, ఉందో లేదో చూడండి. మన బండ్లలో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. "మంచి ఖరీదైనది" అనుకుని కారు ఆయిల్ పోస్తే అందులోని జారుడు మందులకి క్లచ్ జారడం మొదలవుతుంది. మీరు నిలబడి ఉండగానే మీ డబ్బాకి సీలు తీయాలి. బోల్టు మొదటి నాలుగైదు చుట్లు చేత్తోనే ఎక్కించమని చెప్పండి. ఎందుకు చెబుతున్నానో పైన చదివారు కదా.

ఇక బీచ్‌రోడ్డు సంగతి. చూడ్డానికి బాగుంటుంది, బండికి మాత్రం బాగుండదు. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుందని అందరికీ తెలుసు. ఆ ఉప్పు ఆరిపోయి ఊరుకోదు, గాలిలో తేమని లాక్కుంటూనే ఉంటుంది. అందుకే వాన పడని రోజు కూడా ఉప్పు పట్టిన ఇనుము సన్నగా తడిగానే ఉంటుంది. లోపలెక్కడో సీతమ్మధారలో ఉన్నవాడి చైనుకీ, రోజూ సాగర్‌నగర్ మీదుగా వెళ్ళే మీ చైనుకీ తుప్పు ఒకే లెక్కన పట్టదు. మొదట చైను, తర్వాత సైలెన్సర్ అతుకులు, బోల్టు తలలు, స్టాండు స్ప్రింగు, కేబుల్ కొసలు, బ్యాటరీ టెర్మినళ్ళు. ఆఖర్న వైరింగ్ కనెక్టర్లు. హారన్ ఒకరోజు మోగి ఒకరోజు మోగకపోవడం దగ్గర ఆ కథ మొదలవుతుంది.

హుద్‌హుద్ నాటి ముచ్చట ఒకటి. 2014 అక్టోబరు 12న తుపాను తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే నీళ్ళు లేవు. తాగడానికే వెతుక్కుంటుంటే బండి ఎవరు కడుగుతారు? నా బండి మీద సముద్రం తుంపర అలాగే ఎండిపోయి తెల్లగా పొడిలా కనబడేది. వేలితో రాసి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పే. నీళ్ళొచ్చి కడిగేసరికి పుల్లల చక్రాలకి నిపుల్స్ (పుల్లల్ని రిమ్ముకి బిగించే చిన్న నట్లు) దగ్గర ఎర్రగా పొక్కేసింది. ఏడాది తిరక్కుండా రెండు పుల్లలు విరిగాయి. ఎన్ని సర్వీసులు చేయించినా ఆ తుప్పు వెనక్కి పోలేదు.

షెడ్డువాడు మీ బండిని మూడు నెలలకోసారి చూస్తాడు. ఉప్పు రోజూ పడుతుంది. అందుకే విశాఖలో ఫ్లాట్‌లో ఉన్నా సరే, ఇంట్లో చేసుకోవలసిన వాటా తగ్గదు, పెరుగుతుంది. కాకపోతే ఆ వాటాలో విప్పేది దాదాపు ఉండదు. తుడవడం, కడగడం, రాయడం, చూడడం, అంతే. కొత్త బండి కొన్న రోజు ఆశీలుమెట్ట సంపత్ వినాయక గుడి దగ్గర నిమ్మకాయలు తొక్కించి, మళ్ళీ రెండేళ్ళ దాకా చైను వంక చూడనివాళ్ళు మా సెల్లార్‌లోనే అరడజను మంది ఉన్నారు.

చైను గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీకు పనికొచ్చేది ఇదే. ఐదు వందల కిలోమీటర్లకోసారి అని పుస్తకాల్లో ఉంటుంది. మీ దారికి పదిహేను రోజులకోసారి అనుకోండి, వానాకాలంలో వారానికోసారి. రాత్రి ఇంటికి రాగానే, చైను వెచ్చగా ఉన్నప్పుడు చేయండి. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, తాళం తీసి జేబులో వేసుకోండి. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. ఇంజన్ ఆన్ చేసి గేరులో పెడితే చక్రం దానంతటదే తిరుగుతుంది, పని తొందరగా అయిపోతుందని కొందరు చూపిస్తుంటారు. గుడ్డ చైనుకీ పళ్ళచక్రానికీ మధ్య ఇరుక్కుంటే వెనకే వేలు వెళుతుంది. మా వీధిలో ఒక కుర్రాడికి చూపుడు వేలి కొస అలాగే పోయింది.

చైను తుడవడానికి పెట్రోలు వాడకండి. లింకుల మధ్య రబ్బరు రింగులుండే ఓ-రింగు చైనైతే ఆ రబ్బరు పాడవుతుంది. పైగా సెల్లార్‌లో పెట్రోలు ఆవిరి నేలబారునే పేరుకుంటుంది, ఎవరో సిగరెట్ వెలిగిస్తారు. కిరసనాయిలు మంచిదే గానీ ఇప్పుడు దొరకడం కష్టం. చైన్ క్లీనర్ స్ప్రే కొనండి, లేదంటే గుడ్డకి కొంచెం డీజిల్ అద్ది తుడవండి. పొడిగుడ్డతో ఆరబెట్టాక లూబ్ స్ప్రే గానీ, మన షెడ్లలో అందరూ వాడే 90 నంబర్ గేర్ ఆయిల్ గానీ వేయండి. కింది వరసకి లోపలి వైపు పడాలి, చక్రం తిరిగినప్పుడు అదే బయటికి తోసుకొస్తుంది. నేనైతే పాత టూత్‌బ్రష్‌తో 90 నంబరే రాస్తాను. నాలుగు చుక్కలు అటూ ఇటూ చిమ్ముతుంది, చవక, ఉప్పుగాలిని బాగా ఆపుతుంది. రాత్రంతా వదిలేసి పొద్దున్నే మిగిలిన జిడ్డు తుడిచేయండి. టైరు మీద, డిస్క్ మీద ఒక్క బొట్టు కూడా పడనివ్వకండి.

చైను వదులు కొలవడం కూడా ఇంట్లోనే. కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడిస్తే ఎంత దూరం కదులుతుందో స్కేలుతో చూడండి. చాలా 150 సీసీ బండ్లకి 25 నుంచి 35 మిల్లీమీటర్లు, మీ బండికి ఖచ్చితంగా ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల కొలవండి, ఎక్కడ బాగా బిగువుగా ఉందో ఆ కొలతే లెక్క. షెడ్డులో జరిగే తప్పుల్లో నేను ఎక్కువసార్లు చూసింది చైను మరీ బిగించేయడం. శబ్దం రాకూడదని బిగిస్తారు. మీరూ వెనక ఇంకొకరూ కూర్చుంటే వెనక చక్రం పైకి జరిగి చైను ఇంకా బిగుసుకుంటుంది. ఆ లాగుడంతా గేర్‌బాక్స్ బేరింగ్ మీద పడుతుంది. అందుకని షెడ్డుకెళ్ళే ముందు కొలిచి, తెచ్చాక మళ్ళీ కొలవండి.

బిగించడం మీరే చేస్తారా? వెనక ఇరుసు నట్టు వదులు చేయాలి, రెండు పక్కలా గుర్తులు సమానంగా జరపాలి, మళ్ళీ గట్టిగా బిగించాలి, నట్టు ఊడకుండా ఆపే కాటర్ పిన్ను ఉంటే కొత్తది వేయాలి. నా రూలు ప్రకారం ఇది సరిగ్గా గీత మీద ఉంది. మీకు చేయి తిరిగిన పని కాబట్టి చేసుకోండి. కొత్తవాళ్ళయితే షెడ్డులో రెండుసార్లు చూశాకే.

కడగడానికి ఒక బకెట్టు చాలు. సెల్లార్‌లో పైపు పెట్టి కొట్టకండి. ఎండాకాలంలో ట్యాంకర్‌కి డబ్బు కట్టేవాళ్ళు మీ పైపు వంక చూసే చూపు వేరుగా ఉంటుంది. అర బకెట్టు మంచినీళ్ళు మగ్గుతో పోసి ఉప్పు కరగనివ్వండి, మిగతా సగంలో కాస్త షాంపూ కలిపి గుడ్డతో తుడవండి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. ఇంజన్ చల్లారాకే. వాటర్ వాష్‌కి ఇస్తే గన్‌ని చక్రాల ఇరుసుల మీద, హ్యాండిల్ కింద కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు) మీద గురిపెట్టవద్దని చెప్పండి. నీళ్ళు లోపలికి దూరితే గ్రీజు కడుక్కుపోతుంది. చివర్లో మెరవడానికి అడుగంతా డీజిల్ కొడతామంటే అక్కర్లేదనండి, రబ్బరు బుష్షులకి అది పడదు. కవర్ కప్పే అలవాటుంటే బండి పూర్తిగా ఆరాకే కప్పండి. తడి మీద ప్లాస్టిక్ కవర్ కప్పడమంటే తుప్పుకి దుప్పటి కప్పినట్టే.

మిగతావి చకచకా చెప్పేస్తాను. గాలి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి. మీ తరహా బండికి ఒక్కరే అయితే ముందు 25 పీఎస్ఐ, వెనక 28 దాకా, ఇద్దరైతే వెనక 32 సుమారుగా. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడడం ఐదు నిమిషాల పని. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు ఆఖర్న నెగటివ్. టెర్మినళ్ళకి వాజలీన్ రాయండి. క్లచ్, బ్రేకు లీవర్ల మూలల్లో నెలకో చుక్క ఆయిల్. బ్రేకు ప్యాడ్లు ఎంత మిగిలాయో టార్చి వేసి చూడండి, మార్చడం మాత్రం షెడ్డులోనే. బ్రేకు సగంలో వదిలేసే పని కాదు. బ్రేకు ఫ్లూయిడ్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, మన ఊళ్ళో గాలిలో తేమకి కొదవ లేదు, రెండేళ్ళకోసారి మార్పించండి. కార్బురేటర్ సెల్లార్‌లో విప్పకండి, కారణం మళ్ళీ పెట్రోలే. ఇంజన్ ఆన్ చేసి ట్యూనింగ్ వినాలంటే బండిని ర్యాంపు ఎక్కించి బయటికి తీసుకెళ్ళండి. మూసుకుపోయిన సెల్లార్‌లో పొగ తలనొప్పితో పోతే అదృష్టం, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఇది చదివే వేరేవాళ్ళ కోసం ఇంకో మాట. మీ బండి 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (పొగ కాలుష్యం మీద కొత్త ప్రమాణం) అయితే చాలావాటికి కార్బురేటర్ బదులు ఇంజెక్షన్ ఉంటుంది. డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలిగితే స్కానర్ ఉన్నచోటికే వెళ్ళాలి.

షెడ్డు ఎంచుకోవడం గురించి. పేరు చెప్పను, మీ ఇంటి నుంచి తోసుకెళ్ళగలిగే దూరంలో ఉన్నది చూసుకోండి. నా కొలమానం ఒక్కటే: విప్పిన బోల్టుల్ని మూతలోనో పళ్ళెంలోనో పెడుతున్నాడా, నేల మీద పారేస్తున్నాడా? రెండో రకం దగ్గర చివర్లో ఒక బోల్టు ఎప్పుడూ మిగిలిపోతుంది. వారం మధ్యలో, పొద్దున్న షెడ్డు తెరిచే వేళకి వెళ్ళండి. టాపెట్ సెట్టింగ్ (ఇంజన్ వాల్వుల దగ్గరి సందు సరిచేయడం) అయితే ముందురోజు సాయంత్రమే బండి వదిలేయండి. ఆ సందు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. మీరు తోలుకుంటూ వెళ్ళి అప్పుడే చేయమంటే వేడి మీద చేస్తాడు, కొలత తప్పుతుంది. తప్పు అతనిది కాదు, మన తొందరది. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి, చూసి అక్కడే వదిలేయొచ్చు. కోన్‌సెట్, ఫోర్కు సీళ్ళు, క్లచ్ ప్లేట్లు, చక్రాల బేరింగులు మారు మాట లేకుండా షెడ్డుకే.

అసోసియేషన్ విషయానికొస్తే, చాటుమాటుగా చేయకండి. ప్రెసిడెంటుగారికి మీరే వెళ్ళి చెప్పండి: "అండీ, ఆయిల్ పని ఇక్కడ చేయను, చైనుకి రాసుకోవడం, తుడుచుకోవడం చేసుకుంటాను, కింద పట్టా వేస్తాను." ఆ పట్టా కొనక్కర్లేదు. ఎలక్షన్లయ్యాక ఏ సందులో చూసినా ఫ్లెక్సీలే. ఒకటి తిరగేసి పరిచి, దాని మీద అట్టపెట్టె విప్పి వేయండి. జిడ్డంతా అట్ట పీల్చుకుంటుంది. నాయకుడి ముఖం నేలవైపు ఉండేలా చూసుకోండి, లేకపోతే ఇంకో గొడవ. పొద్దున్న ఏడు లోపు, రాత్రి తొమ్మిది తర్వాత చప్పుడు వద్దు. వాచ్‌మన్ సైకిల్ చైనుకి కూడా నాలుగు చుక్కలు వేయండి. మా సెల్లార్‌లో నా మీద వచ్చిన సగం ఫిర్యాదులు అతని దగ్గరే ఆగిపోయాయి.

అక్టోబరు, నవంబరు తుపానుల్లో సెల్లార్‌లోకి నీళ్ళొస్తాయని అనుమానం ఉంటే ముందురోజే బండిని ర్యాంపు పైకి చేర్చండి. ఆలస్యమై నీళ్ళు సైలెన్సర్ దాటి ఎక్కితే సెల్ఫ్ నొక్కకండి, కిక్ కొట్టకండి. తోసుకుని షెడ్డుకి తీసుకెళ్ళి డ్రెయిన్ తీయిస్తే ఆయిల్ రంగు చెబుతుంది. పాలు కలిపిన టీలా ఉంటే లోపల నీళ్ళున్నట్టే.

మీ చైను వదులు ఇప్పుడు ఎన్ని మిల్లీమీటర్లు ఉందో, స్ప్రాకెట్ (పళ్ళచక్రం) పళ్ళు కొసల్లో కొక్కేల్లా వంగాయో లేదో ఈ ఆదివారం చూసి ఇక్కడ రాయండి. పళ్ళు వంగి ఉంటే చైను ఒక్కటే మార్చి లాభం లేదు, సెట్టు మొత్తం మార్చాలి. మీరు చెప్పే కొలత చూశాక ఏ నెలలో మార్చాలో చెబుతాను.